రేగడి ఏటా నెర్రెలు బారుతుంది

మా నాన్న 1998 ఫిబ్రవరిలో పురుగు మందు తాగి చనిపోయాడు. ఆ వేసవిలోనే మా అమ్మ, ఆయన్ను మొదట చూసిన ఆ మధ్యాహ్నాన్ని, ఒక డాక్యుమెంటరీ కెమెరా ముందు మళ్లీ చేసి చూపించింది. తలుపు తోసింది, లోపలికి చూసింది, కేక పెట్టింది. రైలు కూత అడ్డం వచ్చిందని ఒకసారి, వెలుతురు చాల్లేదని ఇంకోసారి, అదే తలుపు అదే మనిషి చేత తోయించారు. ఈ సంగతి ఎవరికి చెప్పినా ముందు ఒకటే అంటారు: ఎంత ఘోరం, ఆమె చేత దొంగ ఏడుపు ఏడిపించారా అని. ఘోరమే. అయినా ఆ సినిమాలో అబద్ధం అక్కడ లేదు. అది ఎక్కడుందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మాది నల్లపాడు. గుంటూరు దాటీ దాటకముందే నరసరావుపేట రోడ్డు మీద తగిలే ఊరు. నడికుడి మీదుగా హైదరాబాదు వైపు పోయే పట్టాలూ, వినుకొండ, మార్కాపురం మీదుగా నంద్యాల వైపు పోయే పట్టాలూ మా స్టేషన్ దగ్గరే విడిపోతాయి. చుట్టూ నల్లరేగడి. నా చిన్నప్పుడు ఆ నేలలో పత్తి, లేదంటే మిరప. నాన్నకు సొంత భూమి లేదు. నాలుగెకరాలు కౌలుకు చేసేవాడు. అప్పట్లో కౌలు రైతుకు పాస్‌బుక్ ఉండేది కాదు, పాస్‌బుక్ లేనివాడికి బ్యాంకులో అప్పు పుట్టేది కాదు. అందుకని విత్తనం దగ్గర్నుంచి మందుల దాకా అన్నీ కొట్టు మీద అరువే. పత్తి వచ్చాక ఆ కొట్టాయనే కాటా వేయించి పట్టుకుపోయేవాడు. ధర ఆయనదే, వడ్డీ ఆయనదే. నాన్నకు అంకెలు రాయడం సరిగ్గా రాదు. ఆ లెక్కలన్నీ నా స్కూలు నోటు పుస్తకం వెనక పేజీల్లో నా చేతే రాయించేవాడు. అప్పుడు నాకు పదమూడేళ్లు.

1997లో పైరు మొదట బాగా లేచింది. గూడ పట్టింది, పూత నిండుగా ఉంది. దసరా వెళ్లేసరికి శనగపచ్చ పురుగు దిగింది. కాయకు చిల్లు పెట్టి తల లోపలికి దూర్చి, ఒళ్లు బయట పెట్టుకుని తింటుంది. ఒక కాయ పూర్తిగా తినదు, సగం తిని పక్క కాయకు పోతుంది. నాన్న వారానికోసారి మందు కొట్టేవాడు. తర్వాత నాలుగు రోజులకోసారి. ఒక మందు పనిచేయకపోతే కొట్టాయన ఇంకోటి ఇచ్చేవాడు, అదీ పనిచేయకపోతే రెండూ కలిపి కొట్టమనేవాడు. మందు పడిన ఆకు మీద పురుగు నిక్షేపంగా నడిచి వెళ్లడం నేను కళ్లారా చూశాను. సాయంత్రం బడి నుంచి వచ్చి అమ్మా నేనూ పురుగుల్ని చేత్తో ఏరి కిరోసిన్ డబ్బాలో వేసేవాళ్లం.

ఆ పురుగు మందుకు లొంగకపోవడం అప్పటికి కొత్త విషయమేమీ కాదు. 1987లోనే తెల్లదోమ, ఈ పురుగు కలిసి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తుడిచిపెట్టాయి. అప్పుడూ రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పైరిత్రాయిడ్ మందుల్ని ఈ పురుగు తట్టుకోవడం నేర్చిందని శాస్త్రవేత్తలు ఆ దెబ్బ తర్వాతే తేల్చారు. ఆ సంగతి తెలిసి పదేళ్లు కావస్తున్నా కొట్లలో అదే మందు అమ్మారు, మా నాన్న అదే కొన్నాడు. పురుగు తినగా మిగిలిన కాయ పగిలే వేళకు ముసురు పట్టింది. పత్తి కాయలోనే తడిసి రంగు మారింది. కొన్ని కాయల్లో గింజ మొలకెత్తింది. మమ్మల్ని ముంచింది పురుగూ, వానా, అప్పూ. దీన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితో పనుంది.

ఆ రోజు గురించి ఎక్కువ రాయను. నేను బడిలో ఉన్నాను. పక్కింటి బాబాయి సైకిలు మీద వచ్చి, మాస్టారితో గుమ్మం దగ్గర ఏదో చెప్పి నన్ను ఎక్కించుకున్నాడు. దారంతా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. స్ప్రే డబ్బా పెట్టుకునే కొట్టంలో నాన్నను అమ్మే ముందు చూసింది. నేను వెళ్లేసరికే ట్రాక్టరు మీద గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. తెల్లారకముందే పోయాడు. ఆ పంటకాలమంతా మా ఇంట్లో ఆ మందు వాసన ఉండనే ఉంది, నాన్న చొక్కాల్లో, తువ్వాల్లో, నీళ్ల బిందె పక్కన. ఆయన పోయాక కూడా అది పోలేదు. అమ్మ కొట్టం అలికింది, సున్నం వేసింది. అయినా వాన పడితే వాసన లేచేది.

కర్మ అయిన పదిరోజుల్లోనే అమ్మ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లింది. గుంటూరు మిర్చి యార్డుకు సరుకు దిగే కాలం అది. చీర కొంగు ముక్కుకు కట్టుకుని, పొద్దస్తమానం కాయల కుప్ప ముందు కూర్చోవాలి. ఇంటికొచ్చి చేతులు మజ్జిగలో పెట్టుకునేది. అన్నం కలపలేకపోయేది, నేనే ముద్దలు పెట్టేదాన్ని.

మే నెలలో సినిమావాళ్లు వచ్చారు. పత్తి రైతుల చావుల మీద డాక్యుమెంటరీ తీస్తున్నామన్నారు. వరంగల్లులో తీసి ఇటు వచ్చారు. వాళ్ల పేర్లు రాయను. చెడ్డవాళ్లని నేననుకోను. దర్శకుడు నేల మీద కూర్చుని మాతోపాటే తిన్నాడు. తెలుగు రాదు, వెంట వచ్చిన కుర్రాడు చెప్పేవాడు.

మొదట ఇల్లు సర్దించారు. పత్తికి మంచి ధర పలికిన ఏడాది నాన్న కొన్న చిన్న టీవీ ఉండేది. దాన్ని దుప్పటి కప్పి లోపలికి జరపమన్నారు. అమ్మ చెవుల దుద్దులు తీయమన్నారు. అవి గిల్టువి, నేను తిరనాళ్లలో కొన్నవి. ఉతికిన చీర వద్దు, పనికి కట్టుకెళ్లేది కట్టుకోమన్నారు. టీవీ ఎందుకు తీయాలని అమ్మ అడిగింది. చూసేవాళ్లకు మీ బాధ అర్థం కాదమ్మా అన్నాడు ఆ కుర్రాడు. "టీవీ ఉన్నోళ్లకి బాధ ఉండదా బాబూ?" అంది అమ్మ. అతను దాన్ని దర్శకుడికి చెప్పలేదు.

తర్వాత తలుపు. అది చేయమని అడగడానికి వాళ్లూ వెనకాడారు. అమ్మ కాసేపు ఆలోచించి, చేస్తానంది. ఎందుకు ఒప్పుకున్నావని చాలా ఏళ్ల తర్వాత అడిగాను. "చూడనోళ్లకి చూపించాలిగా. మీ నాన్న ఊరికే పోలా" అంది. ఆ మాట అన్న మనిషికి తను చేస్తున్నదేమిటో తెలుసు. డబ్బు కోసం చేయలేదు, వాళ్లు ఇవ్వనూ లేదు. మొదటిసారి తలుపు తోసి కేక పెట్టినప్పుడు ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా ఏడ్చారు, నేను మంచం కింద దూరాను. రెండోసారి కేక సన్నగా వచ్చింది. చివరిసారి అమ్మ అరవలేదు. తలుపు తోసి, గుమ్మం పట్టుకుని నిలబడి, ఇటు తిరిగి కెమెరాతో మాట్లాడటం మొదలుపెట్టింది. ఎవరికెంత అప్పు, ఎందుకైంది, దేనికెంత పెట్టారు, అంకెలతో సహా. కెమెరా తిరుగుతూనే ఉంది. నేను నోటు పుస్తకం తెచ్చి పక్కన నిలబడ్డాను. ఆ కుర్రాడు సగం దాకా ఇంగ్లీషులో చెప్పి ఆపేశాడు. దర్శకుడు తల ఊపి, చాలన్నట్టు చెయ్యి ఎత్తాడు.

సాయంత్రం పొలాలకు వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. చెరువు దిగువన బీడు పడిన చెక్క ఒకటుంది. మే నెల కదా, నేల నెర్రెలు బారి అరచెయ్యి పట్టేంత సందులు ఉన్నాయి. కెమెరామన్ బోర్లా పడుకుని వాటిని తీశాడు. పొద్దు వాలుతుంటే ఆ సందుల్లో నీడలు పడ్డాయి. వాళ్లంతా మెచ్చుకున్నారు.

జూన్‌లో మా మేనమామ నన్ను హైదరాబాదు తీసుకుపోయాడు. అమ్మ నల్లపాడులోనే ఉండిపోయింది, ఊరు వదిలితే అప్పు ఎగ్గొట్టి పోయారంటారని. నేను ఆ సినిమా చూసింది 2007లో, యూనివర్సిటీలో చదువుతుండగా. రైతుల మీద చిత్రాలు వేస్తున్నారంటే వెళ్లాను. అందులో మా అమ్మ ఉంటుందని తెలియదు. మొదలవడమే నెర్రెలు బారిన నేల. పైన వేణువు. ఇంగ్లీషులో వ్యాఖ్యానం: వర్షం మొహం చాటేసిన నేల, ఎండిన బతుకులు. ఆ తర్వాత అమ్మ తలుపు తోసింది. కేక. మళ్లీ నెర్రెలు. అప్పు గురించి ఒక్క మాట లేదు. కొట్టు లేదు, కౌలు లేదు, మందుకు చావని పురుగు లేదు. హాలు నిండా ముక్కులు చీదుతున్నారు. దీపాలు వెలిగాక ఒకమ్మాయి, అబ్బా ఆ ఏడుపు ఎంత నిజంగా ఉంది అంది. నేను లేచి బయటికి వెళ్లి వాంతి చేసుకున్నాను.

రేగడి నేల ఏటా వేసవిలో నెర్రెలు బారుతుంది. బంగారం పండిన ఏడాదీ బారుతుంది, ముసురుకు పంట కుళ్లిన ఏడాదీ బారుతుంది. తడికి ఉబ్బడం, ఎండకు కుదించుకుపోవడం ఆ మట్టి గుణం. ఆ నెర్రెల్లోకే తొలకరి నీళ్లు దిగుతాయి, మా రైతులు వాటిని చూసి దిగులుపడరు. ఆ బీడును ఎవరూ అలంకరించలేదు, ఎవరూ నటించమనలేదు. అది అక్షరాలా నిజమైన నేల. ఆ సినిమాలో అతిపెద్ద అబద్ధం అదే. అన్నదాతను చంపింది ఆకాశం అన్నాక ఇంక ఎవర్ని అడుగుతారు? మళ్లీ మళ్లీ చేయించిన తలుపు దృశ్యం మాత్రం నిజం చెప్పింది.

దీన్ని నేను మాటల్లో పెట్టుకోగలిగింది ఒక పుస్తకం వల్ల. మా అధ్యాపకురాలు ఒకావిడ నా సంగతి విని జీగ్‌ఫ్రీడ్ క్రాకవర్‌ను చదవమని ఇచ్చారు. జర్మన్ యూదుడు, తాత్వికుడు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో పత్రికా రచయిత. 1933లో హిట్లర్ రాగానే దేశం వదిలి పారిస్ చేరాడు. పారిస్ పడ్డాక మార్సెయ్, అక్కడి నుంచి లిస్బన్, 1941లో న్యూయార్క్. అదే దారిన బయల్దేరిన స్నేహితుడు వాల్టర్ బెన్యమిన్ 1940లో స్పెయిన్ సరిహద్దులో ప్రాణం తీసుకున్నాడు. వెనక ఉండిపోయిన క్రాకవర్ తల్లిని నాజీలు శిబిరానికి పట్టుకుపోయారు, ఆమె తిరిగి రాలేదు. అలాంటి మనిషి 1960లో, పరాయి భాషలో, సినిమా మీద లావుపాటి పుస్తకం రాశాడు. కెమెరా మనం చూడటం మానేసిన లోకాన్ని మనకు తిరిగి ఇస్తుందని అందులో ఆయన నమ్మకం.

ఫ్రెంచి నవలాకారుడు ప్రూస్ట్ రాసిన ఒక ఘట్టాన్ని ఆయన ఎత్తుకుంటాడు. చెప్పకుండా ఇంటికొచ్చిన మనవడు గదిలో కూర్చున్న అమ్మమ్మను ఒక్క క్షణం ఎవరో ముసలామెలా చూస్తాడు. ప్రేమ తెర తొలగితే కనిపించే మనిషి. కెమెరా చూపు అలాంటిది, పరాయివాడి చూపు. దేశం పోగొట్టుకున్నవాడు కాబట్టే ఆ ఘట్టం ఆయనకు అంత తగిలిందనుకుంటాను. నాకూ తగిలింది. హాల్లో తెర మీద అమ్మ గుమ్మం పట్టుకున్నప్పుడు ఆమె వేళ్లు పెద్దగా కనబడ్డాయి. మిరప మంటకు తోలు ఊడి, గోళ్ల చుట్టూ ఎర్రగా వాచి. నేను రోజూ ముద్దలు పెట్టిన మనిషి చేతులు. అంత దగ్గరగా నేను ఎప్పుడూ చూడలేదు. ఆ ఒక్క ముక్కకు ఆ కెమెరామన్‌కు నేను రుణపడి ఉన్నాను.

పుస్తకం చివర్లో క్రాకవర్ గ్రీకుల మెడూసా కథ చెబుతాడు. ఆమె ముఖం నేరుగా చూసినవాడు రాయి అయిపోతాడు. పెర్సియస్ అనే వీరుడు నున్నటి డాలులో ఆమె నీడ చూస్తూ తల నరికాడు. సినిమా తెర ఆ డాలు అంటాడు ఆయన. నేరుగా చూస్తే తట్టుకోలేని ఘోరాన్ని నీడలో చూసి, మనసులో పెట్టుకుని, ఎదిరించవచ్చు. మృత్యుశిబిరాల చిత్రాల గురించి రాసిన మాటలవి. తల్లిని అలాంటి చోటే పోగొట్టుకున్న కొడుకు రాశాడు. మా అమ్మ తలుపు దగ్గర చేసింది ఈ పనేనని నాకు అనిపిస్తుంది. తను ఒకసారి నేరుగా చూసింది. మిగతావాళ్లు రాయి కాకుండా చూడగలిగేందుకు నీడను పట్టి చూపించింది. మళ్లీ చేసి చూపడాన్ని క్రాకవర్ కూడా తప్పుపట్టడు, అది జరిగినట్టే అనిపించాలి, అంతే. ఇక్కడ మాత్రం ఆయనతో నాకు పేచీ ఉంది. మా బీడూ జరిగినట్టే అనిపించింది మరి! కెమెరా మట్టిని పట్టుకుంటుంది, మట్టి ఎందుకలా ఉందో పట్టుకోదు. అది మనిషి నోట రావాలి. అమ్మ నోట వచ్చింది, దాన్ని కత్తిరించారు.

డాక్యుమెంటరీలకు ఆదిపురుషుడని చెప్పే రాబర్ట్ ఫ్లాహెర్టీ 1922లో విడుదలైన ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ అనే ఇన్యూట్ వేటగాడి చిత్రం తీసినప్పుడు, వెలుతురు కోసం మంచు ఇంటిని సగమే కట్టించి అందులో అతన్నీ, అతని కుటుంబంగా చూపినవాళ్లనూ పడుకోబెట్టాడు. దానికి నేను బాధపడను, చలిలో వణికారు గానీ అలాంటి ఇళ్లు వాళ్లు కట్టుకునేవే. కానీ అప్పటికే తుపాకీలతో వేటాడుతున్న మనుషుల చేత పాత బల్లేలు పట్టించాడు. అది మా టీవీ మీద కప్పిన దుప్పటే. పేదవాడు కాలంలో మనకు వెనక ఉండాలి. మన బజార్లోనే కొని, మన బజార్లోనే మోసపోయినవాడని తెలిస్తే జాలి పడటం కష్టం.

బాధ ఎవరివల్లో చెప్పడంలో మన తెలుగు సినిమా మొదట ధైర్యంగానే ఉంది. గూడవల్లి రామబ్రహ్మం 1938లో చలం కథతో ‘మాలపిల్ల’ తీశాడు. మాలపిల్లగా వేసిన కాంచనమాల ఆ వాడ మనిషి కాదు, అంతా వేషమే. అయినా గుడి తలుపు ఎవరు మూశారో అందులో దాచలేదు, అందుకే అగ్రహారాలు ఉలిక్కిపడ్డాయి. 1939లో రామబ్రహ్మమే ‘రైతుబిడ్డ’ తీశాడు. బళ్లారి రాఘవ రైతుగా వేశాడు. జమీందారీ పెత్తనాన్ని వేలెత్తి చూపిన సినిమా అది. బొబ్బిలి, వెంకటగిరి జమీందార్లు మండిపడ్డారు, కొన్నిచోట్ల ఆడకుండా ఆపించారు. రైతు కన్నీటిని ఏ జమీందారూ ఆపించడు. ఎవరివల్లో చెబితేనే ఆపిస్తారు. మా అమ్మ కేక దేశదేశాల్లో ఆడింది, మా అమ్మ లెక్క నల్లపాడు దాటలేదు.

తర్వాత ఆ సినిమా సీడీ సంపాదించి అమ్మకు చూపించాను. చూపించాలా వద్దా అని నలిగిపోయాను గానీ, ఆమె శాంతంగా చూసింది. తలుపు దృశ్యం వచ్చినప్పుడు, "అప్పుడెంత చిక్కిపోయానో" అంది, అంతే. నేల వచ్చినప్పుడు మాత్రం ముందుకు వంగింది.

"ఇది మన చేను కాదుగా. చెరువు కింద బీడు. ఇదెందుకు తీశారు?"

వానల్లేక చచ్చిపోయారని చెబుతున్నారమ్మా అన్నాను.

"వానల్లేకనా? ఆ యేడు వానకేగా పత్తి కుళ్లింది!" అంది. కాసేపాగి, "నేను చెప్పిందేదీ?" అంది.

అది లేదని చెప్పాను. "మరి ఇంకేం తీసినట్టు" అని లేచి వెళ్లింది.

ఆమె చెప్పింది ఇది. నా నోటు పుస్తకం పోలేదు, అంకెలు అందులోవే. నాలుగెకరాలకు కౌలు 18,000. విత్తనాలు 3,600. ఎరువులు 11,000. దున్నకం, కూలీలు 13,400. పురుగు మందులు 41,000. మొత్తం 87,000, అందులో దాదాపు సగం పనిచేయని మందులకే పోయింది. చేతికొచ్చిన పత్తి 13 క్వింటాళ్లు, తడిసి రంగు మారిందని క్వింటాకు 1,500 కట్టారు. 19,500 వచ్చింది. లోటు 67,500. దాని మీద కిందటేటి బాకీ 24,000. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. అంటే నెలకు 2,745 వడ్డీయే కట్టాలి. తొడిమలు తీస్తే అమ్మకు రోజుకు నలభై వచ్చేది, ఒక్క పూట మానకుండా చేసినా నెలకు 1,200. నాన్న చనిపోవడానికి నెల ముందు కొట్టాయన ఇక అరువు లేదన్నాడు, ఆసామి వచ్చే ఏడు పొలం వేరేవాళ్లకిస్తానన్నాడు. ఇదంతా చెప్పి అమ్మ కెమెరాను చూస్తూ, పని చేయని మందుకు డబ్బులెందుకు కట్టాలి, అది చెప్పండి ముందు అని అడిగింది. ఎవరూ చెప్పలేదు. గేదెలు అమ్మి, ఇంటి వెనక స్థలం అమ్మి, పెద్దమనుషులు కూర్చుని వడ్డీ కొంత తగ్గిస్తే, మిగిలింది నాకు ఉద్యోగం వచ్చాక కట్టాం. ఆ మందుల డబ్బు కూడా పూర్తిగా కట్టాం.